లాకు దగ్గర చీమలు

పలివెల లాకు దాటాక, కాలవగట్టు మీద
మూడో మైలురాయి పక్కన ఒక చీమలపుట్ట.
మా నాన్న భూలోకం లస్కరు. గట్టుకి గండి పడకుండా
ఎండ్రకాయ బొరియలూ ఎలకల కన్నాలూ వెతికి పూడ్చేవాడు.
చీమల జోలికి మాత్రం పోయేవాడు కాదు.
"పాము దూరినప్పుడు చూద్దాంలే" అనేవాడు.

మొన్న కాలవ కట్టేసిన రోజుల్లో అందులో దూరింది
పాము కాదు.
తన రెక్కలు తనే విరుచుకున్న ఒక చీమ, ఒంటరిది.
వాకిట్లో ఓ కూలిచీమని పట్టి, చంపి,
దాన్ని తన ఒంటికి రుద్దుకుంది
నలుగు పెట్టుకున్నట్టు, తీరిగ్గా.
ఆ వాసనతో లోపలికి నడిచింది.
కాపలావి మీసాలతో తడిమి చూసి
దారిచ్చాయి.

తర్వాతది నేను చూడలేదు, చదివాను.
లోపల రాణి వీపెక్కి కూర్చుంటుందట,
మెడ నొక్కుతూ, రోజుల తరబడి.
కూతుళ్ళు ఆ చుట్టూ పనుల్లో తిరుగుతూనే ఉంటాయట.
వాసన మారలేదు గనక
అమ్మ మారిందని తెలీదు వాటికి.
వచ్చినదాని గుడ్లు నాకి, మోసి, పిల్లల్ని మేపి
ఒక్కొక్కటే ముసలివై రాలిపోతాయట.
ఏడాదికో రెండేళ్ళకో
పుట్ట అదే, దారులవే,
చీమలు వేరు.

ఎనభయ్యారు వరదలో
లాకు తలుపుల దగ్గర, అరటిబోదెల మధ్య నించి
నన్ను పైకి లాగారు.
నాలుగేళ్ళుంటాయేమో. ఎంతడిగినా పేరు చెప్పలేదట.
లస్కరు క్వార్టర్సు గట్టు మీద; నీళ్ళు గడప దాకా వచ్చి ఆగాయి.
ఆ ఇంట్లో నెల కిందటే
తాయారు అనే పిల్ల జ్వరంతో పోయింది.
నా తడిబట్టలు విప్పి దాని గౌను తొడిగారు.
అప్పటికింకా ఉతకని గౌను.
సూరమ్మ నా మెడ దగ్గర ముక్కు పెట్టి
చాలాసేపు అలాగే ఉండిపోయిందట.
తర్వాత లేచి, చద్దన్నంలో మాగాయ కలిపి
ముద్దలు పెట్టిందట.

రేషన్ కార్డులో పేరు కొట్టెయ్యక్కర్లేకపోయింది.
బళ్ళో తాయారు. పెళ్ళిపత్రికలో తాయారు.
నేనెవర్నీ చంపలేదు, నిజమే.
కానీ ఆ పిల్ల కోసం ఏడవాల్సిన ఏడుపు
ఎవరూ పూర్తిగా ఏడవలేదు,
నా వల్ల.

అమ్మకిప్పుడు కళ్ళు కనపడవు.
తలకి నూనె రాస్తుంటే
నా మణికట్టు పట్టుకుని వాసన చూసింది.
"నేనెవరో తెలుసా నీకు?" అన్నాను.
"చెయ్యి ఆపకే," అంది,
"నూనె చెవుల్లోకి కారిపోతోంది."