కంచరపాలెంలో ఇంజను విప్పిన వేసవి

రెండు ఇడ్లీ రేకుల్లో వాల్వులు వరసగా పెట్టాను,
గుంటకొకటి.
అంచున మార్కర్‌తో ఒకటి నుంచి ఎనిమిది.
ఆ నెలంతా మా ఇంట్లో ఇడ్లీ లేదు.

అంబాసిడర్. డీజిలు. నాకంటే మూడేళ్లు చిన్నది.
స్టేషన్ బయట కిరాయిలకి తిరిగి తిరిగి
జ్ఞానాపురం తుక్కు కొట్టు ముందు ఆగిపోయింది.
కొట్టువాడు తూకం లెక్కన ధర చెప్పాడు,
ఆ ధరకే కొన్నాను.
ఎందుకని అడిగినవాళ్లకి
ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను.

పక్కింటి లోవరాజు మావ
ముప్పై ఏళ్లు ఓడల ఇంజన్ రూముల్లో చేశాడు.
మనిషి దూరే సిలిండర్లు తుడిచినవాడు
దీన్ని చూసి "అగ్గిపెట్టి" అన్నాడు.
ఇప్పుడు చేతులు వణుకుతాయి,
టీ గ్లాసు సగమే పోయించుకుంటాడు.
అందుకని చెవులు ఆయనవి,
వేళ్లు నావి.

హెడ్డు లేపడానికి
పిట్టగోడ మీంచి అడ్డంగా ఒక ఇనప పైపు,
పీచు తాడు, ఎదురింటి కుర్రాళ్లిద్దరు, ఒక పూట.
రెండుకీ మూడుకీ మధ్య గాస్కెట్టు
చీమల బారంత సన్నంగా కాలిపోయి ఉంది.
ఇంతేనా, అన్నాను.
"ఇంతే. సాలదేటి?"

లైనర్లో గోరు పెట్టి కిందికి లాగితే
మెట్టు తగిలింది.
బ్లాకు ఆటోలో వేసుకుని గాజువాక బయల్దేరాను.
ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే
ఆటో ముందు చక్రం లేచింది,
డ్రైవరూ నేనూ ముందుకి వంగి కూర్చున్నాం.
ఆటోనగర్ బోరింగు షాపతను
"మీ ఆయన రాలేదా?" అన్నాడు.
మైక్రోమీటరు పెట్టి ఒక అంకె చెప్పాడు.
మళ్లీ కొలవమన్నాను.
అంకె మారింది.
ఆ తర్వాత ప్రశ్నలన్నీ నా మొహం చూసే అడిగాడు.

సాయంత్రం గాలి తిరిగిందంటే
హార్బరు నుంచి బొగ్గు పొడి.
ఆరేసిన దుప్పటి మీద వేలితో పేరు రాయొచ్చు.
ఇంజనుకి ఎన్ని నోళ్లున్నాయో
అన్నిట్లోనూ
పాత లంగా చింపి కుక్కాను.

రింగుల సందులు ఒకదాని కింద ఒకటి పడకుండా తిప్పి,
బేరింగులకి వేలితో నూనె రాసి,
హెడ్డు బోల్టులు మధ్యనుంచి బయటికి, మూడు విడతలు.
అరువు తెచ్చిన టార్క్ రెంచి టక్కుమన్నప్పుడల్లా
మావ తలూపాడు.
తర్వాత ఇరవై లెక్కపెట్టి, హీటరు ప్లగ్గులు కాగాయనుకుని,
తాళం తిప్పాను.

తిరిగింది. అంటుకోలేదు.

ఇంజెక్టరు నట్లు వదులు చేసి గాలి తీశాను.
బుడగలు పోయి డీజిలు తేటగా కారింది.
అంటుకోలేదు.
టాపెట్లు మళ్లీ. టైమింగు గుర్తులు మళ్లీ.
బ్యాటరీ రెండుసార్లు చార్జింగుకి వెళ్లొచ్చింది.
నాలుగోరోజు
బండితో మాట్లాడ్డం మానేశాను.

మావ గోడ మీద గ్లాసు పెట్టి వచ్చాడు.
"ఎయిర్ క్లీనరు తీసీ. ఆ నోటికాడ అరచెయ్యెట్టు.
నాను తిప్పుతాను."
అరచేతిని లాగాలి.
లాగలేదు.
రెండు వేళ్లు దూర్చాను.
నీలం పూల గుడ్డ,
ఒకవైపు బొగ్గుతో నల్లగా,
రెండోవైపు కొత్తదిలా.

మావ నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు.
"ఓడల్లో ఒకడు స్పానరే మర్సిపోనాడు.
నీది గుడ్డేనమ్మా."

ముందు ఒక సిలిండరు కొట్టింది,
తర్వాత రెండు, కుంటుతూ మూడు,
అప్పుడు నాలుగూ.
తెల్లపొగ వీధంతా కమ్మేసింది,
ఎదురింటావిడ తిట్టుకుంటూ బట్టలు తీసుకెళ్లింది.
పొగ పలచబడేదాకా ఎవరం మాట్లాడలేదు.
మావ కళ్లు మూసుకుని వింటున్నాడు,
ఒక్కొక్క దెబ్బనీ పేరు పెట్టి పిలుస్తున్నట్టు.

గోడ మీది గ్లాసు తెచ్చి
వాల్వు కవరు మీద పెట్టాడు.
సగం టీ.
వలయాలు వలయాలుగా కదిలింది,
ఒలకలేదు.
చాలాసేపు దాన్నే చూశాడు.
"నిండా పొయ్యమ్మా," అన్నాడు.