ముప్పై రెండో సెకను

చిలోయె దీవిలో వాన. వలల సంఘం బీరువాలో
బుసకొడుతూ మా ఫోన్ సర్వర్.
వచ్చే కాల్స్ వస్తాయి.
మనం చేస్తేనే అవతలి గొంతు చేరదు,
ముప్పై రెండో సెకనుకు లైన్ తెగుతుంది.

ఎదువీనా ఆ లెక్కకి అలవాటుపడింది:
"రోసెందో, తాడు నాలుగు చుట్టలు, శుక్రవారం పడవకి"
ఒక్క గుక్కలో, గోడకి చెప్పినట్టు.

తెల్లవార్లూ లాగ్ చదివాను.
పిచ్చిది, బయటివాళ్లకీ
ఇంట్లో పిలిచే ముద్దుపేరే చెబుతోంది.
ఆ పేరున వచ్చిన జవాబు
ఏ గుమ్మం తట్టాలి?

వీధికి తెలిసిన చిరునామా ఒక్క వరుసలో రాసిపెట్టాను.

దగ్గు వినబడింది. రోసెందోదే.
ముప్పై మూడు, నలభై... నిమిషం.
చెప్పాల్సింది ఎప్పుడో అయిపోయి
ఎదువీనా రిసీవర్ రెండు చేతులా పట్టుకుని
అక్కడా వాన పడుతోందా అని అడుగుతోంది,
రేవుకి అటుపక్క అతని దుకాణాన్ని
కిటికీలోంచి చూస్తూనే.