అడుగున సొట్ట

కలెక్టరేటు వెనక, పాత రికార్డుల గది పక్కన
రెండు ఫ్యాన్లు, ఒక తెర, నేను.
జిల్లాలోని సర్కారు ఫోన్లన్నీ
ఆ తెర మీద ఆకుపచ్చ చుక్కలు.
వీఆర్వోలవి, ఏఎన్ఎంలవి, లైన్‌మన్లవి,
బారువ నించి రణస్థలం దాకా
ఎవరి ఫోను ఎక్కడుందో,
పోయిన ఫోనుని ఇక్కణ్ణించే ఎలా తుడిచెయ్యాలో
నాకు తెలుసు.
నన్ను చూసే చుక్క మాత్రం ఎక్కడా లేదు.

మార్చిలో ఆవిడొచ్చింది.
మా శాఖ మనిషి కాదు,
ఫోన్లమ్మిన కంపెనీ మనిషీ కాదు.
పేరు షంషాద్. ఊరు చెప్పలేదు.
టీ వద్దంది.
పలాస జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టబోతే
ఖరీదడిగి, కాగితం మీద రాసుకుని, వెనక్కిచ్చింది.
మా ఏవో గారు గొణిగారు:
"మనిల్లు మనం తుడుచుకోలేమా,
పొయ్యిలో చెయ్యెట్టడానికి పొరుగూరోళ్ళు రావాలా?"

నాకు మా అయ్య గుర్తొచ్చాడు.
నరసన్నపేటలో బియ్యం కొట్టు,
అక్కడ కొలిచేవాడు.
ఒకటి అనేవాడు కాడు, "లాభం" అని ఎత్తుకునేవాడు.
ఏటా తూనికల శాఖాయన వచ్చి
ఇనప కుంచం బోర్లించి, వాయించి, నీళ్ళుపోసి చూసి
అంచు మీద ముద్ర కొట్టేవాడు.
ఒక ఏడు కొట్టలేదు.
అడుగు సొట్టపోయిందన్నాడు.
పిడికెడు తక్కువ పడుతోందన్నాడు.
పాతికేళ్ళు రాతిగచ్చు మీద దించీ దించీ
ఎప్పుడు లోపలికెళ్ళిందో ఆ సొట్ట.
కొట్లో అయ్య మాట్లాడలేదు.
రాత్రి కంచం ముందు కూర్చుని అన్నాడు:
"నా కుంచం నాను సూసుకుంతే
ఎప్పుడూ నిండుగానే ఉంతాదిరా."
తర్వాత అమ్మ దాంతో నూకలు కొలిచేది,
కొలిచిన ప్రతిసారీ పైన ఒక పిడికెడు.

మూడోరోజు మధ్యాహ్నం
షంషాద్ గారు తెర మీద ఒక మూలని వేలితో ముట్టారు.
"ఈ పదకొండు ఫోన్లకీ తాళం లేదేం?"

సోంపేట, కవిటి. తుపాను రాత్రి.
టవర్లు ఒకటొకటిగా రాలిపోతున్నాయి.
తడివేళ్ళకి ఫోను తెరుచుకోక
ఏఎన్ఎం పైల అసిరమ్మ ఎవరి ఫోన్లోంచో అరిచింది:
"బాబూ, నొప్పులొచ్చిన గుంటుంది, బోటు కావాల,
ఈ ఫోను నన్నట్టుకుని నువ్వెవులని అడగతంది!"
నేనే తీసేశాను. పదకొండింటికీ. ఒక్క నొక్కుడు.
బోటు వెళ్ళింది.
తెల్లారి మళ్ళీ వెయ్యాలి.
వెయ్యలేదు.
మరిచిపోయానా,
ఆ ఆకుపచ్చ చుక్కల్ని చూసినప్పుడల్లా
ఛాతీ కొంచెం ఉబ్బేదని వదిలేశానా,
పద్నాలుగు నెలలు.
ఆ ఫోన్లలో కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లున్నాయి,
కడుపు పోయినవాళ్ళవీ,
మొగుడికి చెప్పకుండా మందులు తీసుకెళ్ళేవాళ్ళవీ.
కిళ్ళీకొట్టు బల్ల మీద మరిచిపోతే చాలు,
ఎవరైనా తీరిగ్గా చదువుకోవచ్చు.

కథంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు.
"బిడ్డ?"
"ఆడపిల్లండి. నడుస్తోంది."
నవ్వింది. ఆ నవ్వు ఇంకా మొహమ్మీద ఉండగానే రాసింది:
లోపం తీవ్రం. ధ్రువపత్రం నిలుపుదల.

ఏవో గారు ఫైలు బల్ల మీద విసిరారు.
నేను సంతకం పెట్టాను.
సిగ్గేసింది. నిజం.
దాని కిందే ఇంకోటి,
బస్తా దించిన హమాలీ మెడ
కాసేపు తనది కానట్టు ఉంటుందే, అలాంటిది.

ఆ సాయంత్రమే తాళాలన్నీ వేశాను.
పొద్దున్నే అసిరమ్మ ఫోను:
"మల్లీ గాలేస్తే ఏటి సెయ్యాల బాబూ?"

ఫారంలో 'సవరణ చర్య' అని ఒక గడి.
అవసరానికి తెరుచుకుని
తెల్లారేసరికి దానంతటదే మూసుకునే తలుపు, అని రాశాను.
కొట్టేశాను.
తెల్లారిందని ఎవరు చెప్తారు?
ఒడ్డునున్న అసిరమ్మా, ఫ్యాను కిందున్న నేనా?

గడి ఖాళీగానే ఉంది.
జూన్‌లో ఆవిడ మళ్ళీ వస్తుంది.
ఈసారి టీ తాగుతారా అని
అడగను.