శేషం

సోమవారం ఆరో తరగతికి
మొదటి పీరియడు బైబిలు, రెండోది లెక్కలు, మూడోది సోషలు.
అట్ట మీద టైంటేబులు నేనే రాశాను.
ఆగస్టు వరదకి తడిసి
సిరా కారి, గడుల మధ్య గీత చెరిగి
బైబిలు ఎక్కడ ఆగిందో
లెక్కలు ఎక్కడ మొదలయ్యాయో తెలీకుండా పోయింది.
కొత్తది రాయాలి. రాయలేదు.

ప్రకాశరత్నం మాస్టారు రొట్టెల కథ ముగించి
చేతుల సుద్ద దులుపుకుంటూ వెళ్ళారు.
ఐదు రొట్టెలు, రెండు చేపలు,
ఐదువేల మంది, పన్నెండు గంపలు
బోర్డు మీద అలాగే ఉన్నాయి.
ఆ పక్కన మిగిలిన జాగాలో
భాజ్యం, భాజకం, భాగఫలం, శేషం అని రాసి
పందొమ్మిదేళ్ళుగా చెప్తున్న మాటే చెప్పాను:
శేషం పెద్దదైందంటే
లెక్క ఎక్కడో తప్పిందన్నమాట.

ఫిలేమోను లేచాడు.
చొక్కాకి రెండో గుండీ బదులు పిన్నీసు.
"టీచరండీ, ఐదు రొట్టెలు పంచితే
పన్నెండు గంపలు మిగలడమేంటండీ?
శేషం భాజ్యాన్నే దాటేసింది కదండీ."

"అది అద్భుతంరా, భాగహారం కాదు" అంది
ముందు బెంచీ సుగంధి.
అందరూ నవ్వారు.
బైబిలు పీరియడులో అడగాల్సింది ఇప్పుడడుగుతావేం, కూర్చో అన్నాను.
వాడు కూర్చోలేదు.

"లంక మునిగినప్పుడు
మేం ఈ గదిలోనే పడుకున్నామండి.
ఇంజను పడవలో డెబ్బై పులిహోర పొట్లాలొచ్చాయి.
మనుషులం నూట పన్నెండు. నేనే లెక్కెట్టాను.
అందరి తినడాలూ అయ్యాక
అదిగో, ఆ కిటికీలో
తొమ్మిది పొట్లాలు మిగిలాయండి.

మా మామ్మ తన పొట్లం నాకిచ్చేసి
నాకయిందిరా, ఇందాకే తిన్నానంది.
కాటమ్మగారూ అదే మాటన్నారు.
కొబ్బరి దింపుల ఏసోబు మావయ్య
కడుపులో బాలేదన్నాడు.
పొద్దున్నే మామ్మ కళ్ళు తిరిగి
ఈ గుమ్మంలోనే పడిపోయిందండి.

అందరూ అబద్ధమాడితేనే కదండీ
తొమ్మిది మిగిలాయి.
ఆ అబద్ధాలు
లెక్కలో ఎక్కడ రాయాలండి?"

గోడ మీద నీటి గీత
నిలబడ్డ వాడి భుజం దాకా ఉంది.
సున్నం వేయించమని అర్జీ పెట్టాం, ఇంకా రాలేదు.
సుగంధి కూడా ఏం మాట్లాడలేదు.
ఆ రాత్రి నేను
రాజోలులో మేడ మీదున్నాను.
కరెంటు లేదని విసుక్కున్నాను.
పెరుగు పులిసిందని పారబోశాను.
ఇవేవీ వాడికి చెప్పలేదు.

బెల్లు కొట్టారు. సోషలు.
డెల్టా పాఠం పిల్లలు చదువుతున్నారు
ఒకరి వెనక ఒకరు, సాగదీస్తూ:
నది తాను మోయలేని ఒండ్రును
సముద్రం దగ్గర వదిలేస్తుంది,
ఆ వదిలినదే నేలవుతుంది...
లాకుల దగ్గర పడవ ఇంజను మొరాయిస్తోంది.
నేను నోటుబుక్కులు దిద్దుతున్నాను.

ఫిలేమోను నోటుబుక్కు వచ్చింది.
ఇచ్చిన ఆరు లెక్కలూ ఒప్పే.
కింద, ఇవ్వని ఏడో లెక్క:
భాజ్యం డెబ్బై, భాజకం నూట పన్నెండు.
భాగఫలం సున్నా.
శేషం డెబ్బై.
నేర్పిన సూత్రం ప్రకారం అదే జవాబు.
మనిషికి సున్నా,
పొట్లాలు పొట్లాలుగానే ఉన్నాయి.
దీనికి ఒప్పు పెట్టాలి నేను.

వాడు ఆ డెబ్బైని కొట్టేసి
పక్కన తొమ్మిది వేశాడు.
తొమ్మిది కింద పెన్సిలుతో రెండుసార్లు గీశాడు,
రెండోసారి కాగితం కాస్త చిరిగింది.

ఎర్ర పెన్ను మూత తీసి
చాలాసేపు పట్టుకున్నాను.
సిరా బొట్టు ఒకటి మార్జిన్‌లో పడింది.
తప్పనీ రాయలేదు, ఒప్పనీ రాయలేదు.
తేదీ వేసి
తరవాతి నోటుబుక్కు తీశాను.