ఎందుకంటే

దరఖాస్తులో "చివరి చదువు" అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు నిలబడింది.
ఇంటర్ రెండో ఏడు, లెక్కలు తప్పాను
అని రాస్తే గడి చాలలేదు.
అంచులోకి రాశాను.

నార్లేన్‌లో కోడిమాంసం గడ్డకట్టించే గోదాము.
చేతొడుగుల వేళ్ళ కొసలు కత్తిరించుకుని
రాత్రి షిఫ్టులో, డిస్పాచ్ గదిలో,
ఎవరో వదిలేసిన కంప్యూటర్ ముందు కూచుని
తప్పు మీద తప్పు చేస్తూ నేర్చుకున్నాను.
తెరమీద ఎర్ర గీతే నాకు పంతులు,
బెత్తం అదే, బుజ్జగింపూ అదే.
ఏకలవ్యుడి మాట ఎత్తకండి దయచేసి,
నా బొటనవేలు స్పేస్‌బార్ మీద పనిలో ఉంది,
ఇవ్వడానికి ఖాళీ లేదు.

పదకొండేళ్ళుగా ఏ లారీ ఏ రేవుకి రావాలో
నేను రాసిన ప్రోగ్రామే చెబుతోంది.
మేనేజర్ డెస్మండ్ నన్ను టాయ్ అంటాడు,
తాయారమ్మ అతని నోట్లో పట్టదు.
"టాయ్, నీ డబ్బా మళ్ళీ పడుకుంది."
నలభై లారీల రోజున గుర్రంలా పరిగెత్తేది
ఈస్టర్ ముందువారం నాలుగొందలయ్యేసరికి
గానుగెద్దయ్యేది.
ముసలిదైపోయింది పాపం యంత్రం, అనుకునేదాన్ని.
రెండుసార్లు మెమొరీ కొనిపించాను.

ఇప్పుడు గురువారం సాయంత్రాలు
గీలాంగ్ సముద్రం ఒడ్డున
ఒకప్పుడు ఉన్ని బేళ్ళు దాచిన ఎర్రిటుకల గిడ్డంగిలో
నాకు పాఠం.
గొర్రెల వాసన మిగిలుందేమోనని మొదటిరోజు పీల్చి చూశాను.
కార్పెట్ వాసన, పక్కన టిల్లీ నములుతున్న పుదీనా బిళ్ళ.
టిల్లీకి పంతొమ్మిది.
నేను ప్రోగ్రాం మొదలుపెట్టిన ఏడు
తనకి పాలపళ్ళు ఊడుతున్నాయి.

హాజరు పిలుస్తూ లెక్చరర్ ఇమోజెన్
నా పేరు దగ్గర ఆగి, మూడు ముక్కలుగా విరిచి,
మళ్ళీ అతికించి, సరిగ్గానే అంది.
నేను వెనక్కి తిరిగి చూశాను
ఎవరైనా లేస్తారేమోనని.

ఆ రోజు బోర్డు మీద ఒక మాట రాసింది: రికర్షన్.
తనని తానే పిలుచుకునే పని.
అయ్యో, ఇది మా ఇంటిదే కదా!
మా అమ్మమ్మ తాతయ్య పేరు నోటితో పలకలేదు,
జనాభా లెక్కలవాళ్ళొస్తే
గోడమీది రాములవారి పటం చూపించి తప్పించుకునేది.
నేనూ అంతే,
పేరెత్తకుండా దీనితో పదకొండేళ్ళు కాపురం చేశాను.
దాని మూతివిరుపులు తెలుసు, అలకలు తెలుసు,
ఎక్కడ ఆపకపోతే ఇల్లు మునుగుతుందో తెలుసు.
పేరు పెట్టి పిలవొచ్చని తెలీదు.

సిగ్గు మరో గురువారం వచ్చింది.
వలయం లోపల వలయం పెడితే
సరుకు పదింతలైతే పని వందింతలని
ఒక గీత గీసి చూపించింది, కొండెక్కే గీత.
నా చెవులు వేడెక్కాయి.
పాపం యంత్రం. ఇన్ని ఈస్టర్లూ
దాన్ని తిట్టించింది నేనే.
డ్రైవర్లు రేవులో సిగరెట్లు కాల్చుకుంటూ నిలబడిన గంటలు
కూడితే ఎన్నో.
కూడలేదు.

మొదటి అసైన్‌మెంటుకి అరవై ఒకటి.
పక్కన ఆకుపచ్చ సిరాతో: జవాబు సరైనదే. ఎందుకు?
టిల్లీకి ఎనభై ఎనిమిది. ఆమె ప్రోగ్రాం నడవదు,
రుజువు మాత్రం కడిగిన ముత్యం.
నేను ఆమెకో బ్రాకెట్ సరిచేసిచ్చాను,
ఆమె నాకు "అనుకుందాం" అని మొదలుపెట్టడం నేర్పింది.
అనుకుందాం, లారీలు ఎన్ అని.
ఇంటర్లో సరిగ్గా ఈ మాట దగ్గరే లేచి వచ్చేశాను,
ఉన్నవి లెక్కపెట్టాలి గానీ అనుకోవడమేమిటని.

ఇన్నేళ్ళూ లారీలు ఎప్పుడని అడిగాయి.
ఎందుకని ఎవరూ అడగలేదు.

నిన్న రాత్రి రెండింటికి ఫోను. "టాయ్, పడుకుంది."
వెళ్ళాను. లోపలి వలయాన్ని బయటికి లాగాను.
ఎప్పటివో నా వరసలు,
ఒక్క వివరణ లేదు ఎక్కడా.
ఎవరికి చెప్పాలి, నాకు తెలుసు కదా
అనుకున్న రోజులవి.
లారీలు కదిలాయి. డెస్మండ్ టీ తెచ్చి పెట్టి
ఏం చేశావన్నాడు.
చేతొడుగు తీసి, ఆ వరస పైన
మొట్టమొదటి వ్యాఖ్య టైపు చేశాను:
ఇది ఎందుకంటే

అక్కడ ఆగింది.
తెలుసు, రుజువే ఇంకా చేతికి రాలేదు.
మిగతాది గురువారం.