డైమను రెండు

చేపల వేలం హాలు మీది గదిలో
మంగళవారం మంగళవారం కూర్చుంటాం,
అయిదు బల్లలు, బల్లకి నలుగురు.
రేక్యవిక్ నుంచి వచ్చినదానివి, నీకు కొత్త గానీ
నవంబరు చివర్న ఈ ఫ్యోర్డు కొండ వెనక్కి జారిన సూర్యుడు
జనవరి ఆఖరుకి గానీ మళ్లీ మొహం చూపించడు.
ఆ రోజు అట్లు పోసుకుంటాం.
అప్పటిదాకా పేకే.

హ్రెఫ్నా, నువ్వు రాజుల్ని దాచుకుంటావు,
పీపాలో ఉప్పు చేపల్లా.
ఆట అయ్యాక చేతిలో మిగిలిన రాజు
కంపు కొడతాడమ్మాయ్.
అందుకే పోయిన వారం సంగతి చెబుతున్నా, విను.

మగ్నేయా పిలిచింది, తురుపు లేని మూడు.
మందుల షాపు మగ్నేయా, తెలుసుగా,
మాత్రలు లెక్కపెట్టే వేళ్లతోనే పట్లు లెక్కపెడుతుంది.
తొమ్మిది కావాలి తనకి.
ఈవిందుర్ ఇస్పేటు వేశాడు. డమ్మీ పరుచుకుంది:
డైమనులో రాజు, రాణి, జాకీ, పది, మూడు,
రేవులో వరసగా కట్టేసిన పడవల్లా.
ఆఠీనులో ఆసు, ఏడు.
మిగతావన్నీ చిల్లర.

ఇస్పేటు ఆసుతో మొదటి పట్టు నాది.
చేతిలో డైమను ఆసు, ఎనిమిది, నాలుగు.
ఆఠీను రాజు, పక్కన రెండు చిన్నవి.

ఇక్కడ ఆగాలి.
మూడో పట్టులోనో నాలుగో పట్టులోనో కాదు, ఇక్కడే.
అందరి కళ్లూ ఆ డైమనుల మీదే ఉంటాయి.
నువ్వు చూడాల్సింది వాటి దగ్గరికి వెళ్లే దారి.
ఆ దారి ఒక్కటే, ఆఠీను ఆసు.
మా తాత అనేవాడు, రేవుని మూసెయ్యాలంటే
లోపలి ఓడలన్నిటితో పోట్లాడక్కర్లేదని.
మన ఓడనే ఒకదాన్ని ముఖద్వారంలో ముంచితే చాలునట.

ఆఠీను రాజుని బల్ల మీద పెట్టాను.
చిన్న ముక్క వేసి ఉంటే మగ్నేయా తన రాణితో పట్టుకుని
ఆసుని తాళంచెవిలా అట్టే పెట్టుకునేది.
వదిలేసిందా, మళ్లీ ఆఠీనే వేస్తాను.
అది ఆవిడకీ తెలుసు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
ఆసు పడింది.
నా రాజు పోయాడు. బాధేసింది, అబద్ధం ఎందుకు.

తర్వాత డమ్మీ నుంచి డైమను రాజు.
నా వంతు ముందు, ఈవిందుర్‌ది ఆఖరు.
చెయ్యి ఆసు మీదికి పోబోయింది.
నాలుగు వేశాను. తడుముకోకుండా వేశాను,
తడుముకుంటే ఆసు ఎక్కడుందో చాటింపు వేసినట్టే.
మగ్నేయా ఆరు.
ఈవిందుర్ రెండు.

రెండు. పేకలో అంతకన్నా చిన్నది లేదు.
పద్దెనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం మేమిద్దరం,
విడిపోయి తొమ్మిదేళ్లు.
ఓడ దిగి వచ్చేవాడు, బూట్లు విప్పేవాడు, తినేవాడు, పడుకునేవాడు.
ఏమైందంటే, ఏం లేదు.
ఈ బల్ల దగ్గర మాత్రం ఏదీ దాచడు.
ముందు చిన్నదేస్తే బేసి, పెద్దదేస్తే సరి.
రెండు వేశాడంటే, నా దగ్గర మూడున్నాయని.
డమ్మీవి అయిదు, నావి మూడు, అతనివి మూడు.
పదమూడులోంచి తీసెయ్. మగ్నేయాకి రెండే.

రాణి వచ్చింది. ఇప్పుడు వేశాను ఆసు.
ఒక్క పట్టు ముందు వేసి ఉంటే
ఆవిడ చేతిలో ఇంకో డైమను ఉండేది,
పడవలన్నీ తాళ్లు తెంపుకుని కదిలేవి.
జాకీ, పది, మూడు
మంచులో బిగుసుకున్నట్టు డమ్మీలోనే ఉండిపోయాయి.
మగ్నేయాకి ఏడు పట్లు. రెండు తక్కువ.

లెక్క రాసుకుంటూ ఈవిందుర్ అన్నాడు,
"ఆ నాలుగు బావుంది."
రాజు గురించి ఒక్క ముక్క లేదు, చూశావా. నాలుగట.
లేచి వెళ్లి కాఫీ తెచ్చాడు.
నాకు పాలు లేకుండా. ఇంకా గుర్తుంది మహానుభావుడికి.

ఆ తర్వాతి ఆటలో అతను కళావరు ఏడు వేస్తే
రమ్మని పిలుస్తున్నాడనుకున్నాను.
పిలుపు కాదు, పాడూ కాదు,
అతని దగ్గర అంతకన్నా చిన్నది లేదంతే.
పదకొండు పట్లు సమర్పించుకున్నాం.
దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

పంచు, హ్రెఫ్నా.
ముందా కిటికీ వెయ్యి, ముక్కలు ఎగిరిపోతున్నాయి.