రంగు పట్టడం

కిషినావ్‌లో నవంబరంటే ఏడైనా తెల్లవారదు.
ల్యాబులో లైటు వేసి, టీకి నీళ్ళు పెట్టి,
మైనంలో పాతిన కార్జం ముక్కను
మిషనుకి బిగిస్తాను.
అగ్గిపుల్ల కన్నా సన్నం, గోరు కన్నా కాస్త పొడవు.
సూదితో లాగినప్పుడు ఆ మనిషి
"ఇంతేనా? దీనికా ఇంత గొడవ?" అన్నాడట.

నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాను.
దాని ముందు ఉల్లిపొర దుప్పటి.
గోరువెచ్చని నీళ్ళ మీద తేలుతుంది,
గాజుపలక కిందినుంచి పెట్టి
మీగడ ఎత్తినట్టు ఎత్తాలి, చిరగకుండా.
పదహారేళ్ళుగా నా చేతులకు వచ్చిన విద్య ఇదొక్కటే.
పేరు నాకు తెలియకూడదు.
నలభై ఒకటి. అంతవరకే.

తర్వాత రంగు.
గంటసేపు నానబెడితే
బతికున్న కణాలు పసుపు పచ్చగా ఉండిపోతాయి,
మచ్చ కట్టిన చోటు ఎర్రగా లేస్తుంది.
బాగున్న కాలేయంలో ఎరుపును వెతుక్కోవాలి
రక్తనాళం అంచున, కాటుక దిద్దినంత.
నలభై ఒకటిలో వెతకక్కర్లేదు.
ఎటు చూసినా ఎర్రటి గట్లు,
గట్ల మధ్య ఊపిరాడక ఉబ్బిన పసుపు మడులు.
గట్లే పెరిగి మడి తరిగిపోయాక
ఆ పొలం ఎవరికి పండుతుంది?

పేరు తెలియకూడదని కాగితం అంటుంది,
నికనోర్ ఒప్పుకోలేదు.
ఓర్హెయ్ దగ్గర పల్లెలో పీపాలు చేసే మనిషి,
మెట్లెక్కి నేరుగా నా గదికే వచ్చాడు
చేతిలో ఐదు లీటర్ల డబ్బా.
"నా ముక్కని కోసింది నువ్వేనా, అమ్మాయ్?"

కింద డాక్టర్ అగ్రిపీనా అడిగిందట
రోజుకి ఎన్ని గ్లాసులని.
"వోడ్కాకి లెక్కుంటుంది గానీ
ఇంటి వైనుకి లెక్కేమిటమ్మా?
మంచినీళ్ళు ఎన్నిసార్లు తాగావని నిన్నెవరైనా అడుగుతారా?"
ఆమె మానమంది. ఆయన మానాడు.
అంత తేలిగ్గా చెబుతున్నాను గానీ
మొదటి వారం గోడలమీద చీమలు కనబడ్డాయట,
లేని చీమల్ని చీపురుతో ఊడ్చాడట.

"పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.
మా నాన్న నాటిన తీగ.
మీరు చదువుకున్నవాళ్ళు, మీకేం కాదు."
మూడు నెలలకోసారి మందుగోళీల కోసం వచ్చేవాడు,
వచ్చినప్పుడల్లా ఒక డబ్బా.
వద్దంటే మొహం ముడుచుకునేవాడు.
సింకు కింద, ఫార్మలిన్ సీసాల పక్కన
వరసగా నిలబడ్డాయి డబ్బాలు.
కొత్త సంవత్సరం రాత్రి బీకర్లలో పోసుకున్నాం.
మంచి వైను. ఎండు రేగు వాసన.

ఏడాదికి రెండో ముక్క.
అదే కత్తి, అదే నీళ్ళు, అదే ఎరుపు.
కుడివైపు మూలన ఒక చోట
కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను,
గట్టు తెగింది.
సన్నబడి, చిల్లులు పడి, ఒక చోట పూర్తిగా తెగి
పసుపు అటునుంచి ఇటు పారుతోంది.

కవర్లు విప్పిన రోజు
అగ్రిపీనా చాలాసేపు మాట్లాడలేదు.
నలభై ఒకటి మింగింది పిండిగోళీలు.
మందు పడినవాళ్ళ కన్నా
మందు లేని నికనోర్ కాలేయం బాగుపడింది.
"ఇలాంటివాళ్ళ వల్లే మా అంకెలు పాడవుతాయి" అంది,
నవ్వుతోందో ఏడుస్తోందో,
అద్దాలు తీసి తుడుస్తూనే ఉంది.
వ్యాసంలో ఆయన ఒక చుక్క,
గీతకి దూరంగా, ఒంటరిగా.
పట్టిక కింద వివరణ రాయడానికి చోటు లేదు
ఐదు లీటర్ల డబ్బా మోసుకుని
మూడంతస్తులు ఎక్కిన సంగతికి.

ఇప్పుడు కొత్త పరిశోధన.
పోల్చి చూడ్డానికి జబ్బు లేనివాళ్ళు కావాలట.
సిబ్బందిలోంచి నా పేరు ఇచ్చారు.
కుడి పక్కటెముకల మీద చల్లని జెల్,
ఒక పుల్ల తట్టినట్టు చప్పుడు, పదిసార్లు.
కాలేయం ఎంత గట్టిబడిందో తట్టి చెబుతుంది మిషను.
అంకె ఇంకా రాలేదు.
ఈలోపు ఈ ఫారం నింపమన్నారు.

వారానికి ఎన్ని గ్లాసులు?
రెండు అని రాశాను.
సింకు కింది ఆఖరి డబ్బాలో
ఎంత మిగిలిందో నాకు తెలుసు.
రెండు కొట్టేశాను.
పెన్ను ఆ గడి మీదే ఉంది,
సిరా కాగితంలోకి ఇంకి
మెల్లగా రంగు పట్టుకుంటోంది.